గంప దించితే పోయే నొప్పి

2014లో నేను శ్రీకాకుళం జిల్లాలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, లింక్ ఏఆర్‌టీ కేంద్రంలో స్టాఫ్ నర్సుగా పనిచేసేదాన్ని. ఊరి పేరు, ఆసుపత్రి పేరు రాయను. రాస్తే ఆమెను గుర్తుపట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. అసలు పేరు వదిలేసి నూకాలమ్మ అంటాను.

ఏఆర్‌టీ అంటే హెచ్ఐవీ ఉన్నవాళ్లు జీవితాంతం వేసుకోవలసిన మందులు. పెద్ద కేంద్రం జిల్లా హెడ్‌క్వార్టర్స్‌లో ఉండేది. కాస్త కోలుకున్నవాళ్లు నెలనెలా అంత దూరం పోకుండా దగ్గర ఆసుపత్రిలోనే మాత్రలు తీసుకోవడానికి పెట్టినవి లింక్ కేంద్రాలు. మాకిచ్చింది ప్రసూతి వార్డు వెనక పాత ఎక్స్‌రే గది. తలుపు మీద బోర్డు పెట్టలేదు. బోర్డు ఉంటే ఎవరూ రారని పైవాళ్లు చెప్పారు. దాంతో ఆసుపత్రి మొత్తంలో బోర్డు లేని గది మాదొక్కటే అయింది. టీ కొట్టువాడికి కూడా అది ఏ గదో తెలుసు. మేం మాత్రం చాలా బాగా దాచామనుకునేవాళ్లం.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో మా దగ్గరికి మనుషులు ఎముకల గూళ్లలా వచ్చేవారు. క్షయ, విరేచనాలు, నోటి నిండా పూత. ఇవాళ మాత్రలు తీసుకెళ్లినవాడు వచ్చే నెల వస్తాడో రాడో తెలిసేది కాదు. మందులు పనిచేయడం మొదలయ్యాక ఆ చావులు తగ్గాయి. మాకు అప్పట్లో అన్నిటికీ ఒకటే కొలత, సీడీఫోర్ కౌంట్. రక్తంలో రోగాలతో పోట్లాడే కణాల లెక్క అది. ఆ అంకె పెరిగితే గదిలో అందరికీ పండగే. పేషెంటుకి శభాష్ చెప్పి పంపించేసేవాళ్లం. అంకె బాగుంది కాబట్టి మనిషి బాగున్నట్టే.

నూకాలమ్మ అంకె ఎప్పుడూ బాగుండేది. నలభై దాటిన మనిషి. సముద్రం ఒడ్డున పల్లె. భర్త పడవ మీద కలాసీగా వెళ్లేవాడు. ఏవేవో రేవులు తిరిగి, చివరికి ఈ జబ్బుతో వచ్చి, ఒక పెద్దాసుపత్రిలో పోయాడు. అప్పుడే ఆమెకూ ఉందని తేలింది. పిల్లలు లేరు. పక్కిల్లు తోడికోడలు పోలమ్మది, అంటే భర్త అన్నగారి భార్య. ఇద్దరూ కలిసి తెల్లారకుండానే రేవు వేలంలో చేపలు పాడుకొని, గంపలు నెత్తిన పెట్టుకొని, ఇసుక దిబ్బ ఎక్కి రోడ్డు మీదికొచ్చి, ఆటోలో టౌనుకొచ్చి వీధి వీధీ తిరిగి అమ్మేవారు. కానాగంతలు, కవళ్లు, వేట బాగుంటే వంజరం. నాది గరివిడి. ఫ్యాక్టరీ పొగలో పెరిగినదాన్ని. చేప మొప్ప ఎత్తి చూడాలన్న సంగతి కూడా నాకు నేర్పింది ఆమే. నేను కొనుక్కున్న చేపల్ని చూసి, "ఇవి సచ్చి రొండ్రోజులైనాయి సిస్టరమ్మా, నీకంటగట్టినోడు నీకంటే తెలివైనోడు" అనేది.

ఆమె దగ్గర చేపల వాసనతో పాటు చుట్ట వాసన కూడా వచ్చేది. మా ఉత్తరాంధ్ర ఒడ్డున ఆడవాళ్లు కొందరు చుట్టని అడ్డంగా తాగుతారు. అడ్డపొగ అంటారు. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకొని పెదాలు మూస్తారు. చూడనివాళ్లు నమ్మరు. గాలికి ఆరదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, గంప మోస్తూ కూడా తాగొచ్చు అని ఆమె నాకు వివరించింది. పైగా పంటి నొప్పికి అది మందు అని వాళ్ల నమ్మకం. నోటి క్యాన్సర్ గురించి నేను భయపెడితే, వాళ్లమ్మ పళ్లూడిపోయేదాకా తాగిందని, చివరికి పాము కరిచి పోయిందని చెప్పి నా నోరు మూయించింది.

ఆ ఏడాది మాకు కొత్త మెడికల్ ఆఫీసరు వచ్చాడు. చిన్నవాడు, మాట తక్కువ. వచ్చిన వారంలోనే నా బల్ల మీద ఒక బీపీ మిషను పెట్టాడు. నలభై దాటిన ప్రతివాళ్లకీ బీపీ, షుగరు, ఏడాదికోసారి లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చేసి తీరాలన్నాడు. అసలే రద్దీ, ఇదొకటా అని నేను గొణిగాను. ఆయన తల ఎత్తకుండానే, "మనవాళ్లు ఇప్పుడు హెచ్ఐవీతో చనిపోవడం లేదు సిస్టర్. మరి దేనితో పోతారో చూడాలి కదా" అన్నాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం తీరికగా చెప్పాడు. మందులతో వైరస్ అణిగి ఉన్నా, ఒంట్లో ఒక సన్నని సెగ రగులుతూనే ఉంటుందట, బూడిద కింద కుంపటిలా. ఆ సెగకి రక్తనాళాల లోపలి పొర పాడవుతుంది. పాత మందుల్లో కొన్ని కొవ్వుని కూడా పెంచాయి. దానికి పొగ, బీపీ తోడైతే, అదే వయసు ఉన్న మామూలు మనిషి కంటే వీళ్లకి గుండెపోటు ముందే రావచ్చు. అది వచ్చాక చేసేది తక్కువ, రాకముందే పట్టుకోవాలి అన్నాడు. నాకు నచ్చింది. చాలాకాలం తర్వాత చావు వెనకాల కాకుండా దానికి ముందు నడుస్తున్నామనిపించింది.

పేషెంట్లకి నచ్చలేదు. మాత్రలకొచ్చిన వాళ్ల చేతికి పట్టీ కట్టి గాలి కొడితే, ఎందుకు, ఎవరు చెప్పారు, ఇంకేం వచ్చింది అని కంగారు. నూకాలమ్మ అయితే నవ్వింది. "నాకు ఒక జబ్బు సాల్దని ఇంకోటి ఎతుకుతన్నారేటి?" అంది. దొరికింది కూడా. బీపీ ఎక్కువ. పరగడుపున రమ్మని రక్తం తీయిస్తే కొవ్వూ ఎక్కువే. బీపీ మాత్ర రాశారు. చుట్ట మానమన్నారు. మాత్ర తీసుకుంది. రెండో మాట విననట్టే ఊరుకుంది.

వానలు తగ్గాక ఒకసారి ఆమె చెంగుతో దవడ కట్టుకొని వచ్చింది. పన్ను సలుపుతోందట. అప్పటికే ఒకటి పీకించుకుంది. తర్వాతి నెలలో వచ్చినప్పుడు నోట్లో ఇంకో ఖాళీ కనిపించింది. నొప్పి మాత్రం అలాగే ఉందంది. రెండు పళ్లు పీకినవాడి మీద నాకు ఒళ్లు మండింది. గట్టి పళ్లే అవి, ఆమె పొట్లం కట్టి దాచుకుంది, నాకు చూపించింది కూడా. పుచ్చు లేని పన్ను ఎలా పీకాడని తిట్టుకుంటూ, ఊరికే మాటవరసకి, నొప్పి ఎప్పుడొస్తుంది, నమిలేటప్పుడా అని అడిగాను.

"నమిల్తే ఏటీ నేదు. గంప నెత్తినెట్టుకొని దిబ్బ ఎక్కితే వస్తాది. ఈ ఎడం దవడ పట్టేస్తాది, మెడలోకి దిగుద్ది."

"మరి ఎప్పుడు పోతుంది?"

"గంప దించి కూకుంటే పోద్ది. ఒక సుట్ట ఎలిగించినానంటే ఇంకా బేగి పోద్ది."

నేను బీపీ పట్టీ చుడుతున్నదాన్ని ఆగిపోయాను. పన్నుకి నెత్తి మీద గంప ఉందో లేదో తెలియదు. గుండెకి తెలుస్తుంది. బరువుతో ఎత్తు ఎక్కినప్పుడు గుండెకి రక్తం చాలకపోతే వచ్చే నొప్పిని యాంజైనా అంటారు. మగవాళ్లకి ఎక్కువగా ఛాతీలో తెలుస్తుంది. ఆడవాళ్లలో కొందరికి దవడలో, వీపులో, మెడలో వస్తుంది. ఈమెకి దవడలో వచ్చింది. దవడలో వచ్చింది కాబట్టి పన్ను అనుకుంది. పన్ను అనుకుంది కాబట్టి ఆ ఊళ్లో అందరూ చేసే వైద్యమే చేసింది, కూర్చొని అడ్డపొగ పెట్టుకుంది. కూర్చున్నందుకు నొప్పి తగ్గింది, పేరు మాత్రం చుట్టకి వచ్చింది. నొప్పి వచ్చినప్పుడల్లా ఇంకో చుట్ట. ఆ పొగే రక్తనాళాల్ని ఇంకాస్త బిగించేది.

డాక్టరు గారు వెంటనే ఈసీజీ తీయించమన్నారు. గుండె కొట్టుకునే తీరుని కాగితం మీద గీసే పరీక్ష అది. మిషను మెయిన్ బిల్డింగులో ఉంది. అక్కడ క్యూలో వాళ్ల పల్లె మనుషులుంటారని ఆమె కదలనంది. మా గది చీటీ పట్టుకొని వెళ్లనక్కర్లేదని, మామూలు ఓపీ చీటీ నేనే రాయించి తెస్తానని బతిమాలితే వచ్చింది. ఈసీజీలో పెద్దగా తేడా ఏమీ కనిపించలేదు. ఆమె మొహం వెలిగిపోయింది. డాక్టరు గారి మొహం వెలగలేదు. పడుకోబెట్టి తీసినదాంట్లో కనిపించకపోవచ్చని, ఈ నొప్పి బరువు మోస్తేనే వస్తోంది కాబట్టి వైజాగ్ తీసుకెళ్లి ట్రెడ్‌మిల్ పరీక్ష, అంటే నడిపిస్తూ తీసే ఈసీజీ, అవసరమైతే యాంజియోగ్రామ్ చేయించాలని చెప్పారు. యాంజియోగ్రామ్ అంటే గుండె రక్తనాళాల్లోకి రంగు మందు పంపి ఎక్కడ పూడిందో చూడడం. ఈలోగా ఆస్పిరిన్, కొవ్వు తగ్గించే మాత్ర రాశారు. నొప్పి రాగానే నాలుక కింద పెట్టుకోవడానికి సార్బిట్రేట్ ఇచ్చారు. బరువు మోయొద్దన్నారు. ఖర్చు సర్కారు కార్డు మీద పోతుంది, దానికేం బాధ లేదు.

బాధ వేరే. సార్బిట్రేట్ ఎప్పుడూ చెంగున ఉండాలి. ఆమె అప్పటిదాకా నలుగురిలో ఒక్క మాత్ర కూడా బయటికి తీసి ఎరగదు. ఏఆర్‌టీ మాత్రల్ని ఉప్పు జాడీ వెనకాల దాచి, దీపం తీసేశాక వేసుకునేది. ఎవరైనా చూస్తే ఏం చెప్పాలని అడిగింది. ఏముంది, గుండె మాత్ర అని చెప్పు, గుండె జబ్బుకి సిగ్గేముంది అన్నాను.

ఆమె నా వైపు వింతగా చూసింది. జబ్బు ఉందని పైకి చెప్పుకోవచ్చన్న సంగతే ఆమె ఆలోచించలేదు. మరుసటి నెల వచ్చినప్పుడు మనిషే మారిపోయింది. పల్లె అంతా చెప్పేసిందట, గుండె బాగోలేదని. రేవులో ఆడవాళ్లు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారట. పోలమ్మ ఆమె గంపలో సగం చేపలు తన గంపలో వేసుకొని మోస్తోందట. ఏఆర్‌టీ మాత్రలు కూడా గుండె మాత్రల్లో కలిపేసి పట్టపగలు వేసుకుంటోందట. "ఇన్నాల్లకి నాకూ ఒక మంచి జబ్బు వచ్చింది సిస్టరమ్మా" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. అది నవ్వే విషయం కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ మంచి జబ్బు ఎక్కువ రోజులు మంచిగా ఉండలేదు. గుండె అని తెలిశాక పోలమ్మ ఊరుకోలేదు. ఒకరోజు ఆమెతో పాటే ఆసుపత్రికి వచ్చింది. ఎత్తుగా, ఎముకల మనిషి, నూకాలమ్మ కంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. మా గది దాకా రాలేదు, ప్రసూతి వార్డు వరండాలోనే కూర్చుంది. నేను కుళాయి దగ్గరికి వెళ్తుంటే లేచి నా చెయ్యి పట్టుకుంది.

"మా నూకాలుకి గుండంట కదా. గుండైతే వైజాగ్ పోవాల. నాను తీసికెల్తాను, ఎన్నాల్లైనా పక్కనే ఉంటాను. అక్కడ డాట్రులు ఏటి సెప్పినా నాకు పర్వానేదు. నువ్వు సెప్తే అది ఇంటాది, సెప్పు తల్లీ."

సరేనని మాత్రమే అన్నాను. పేషెంటు వివరాలు ఆమె అనుమతి లేకుండా సొంత తల్లికైనా చెప్పకూడదు. మా ఉద్యోగంలో మొదటి రోజు నేర్పే పాఠం అది. మంచి పాఠమే. అది లేకపోతే మా గదికి ఒక్కరూ రారు.

లోపలికొచ్చి నూకాలమ్మకి నచ్చజెప్పడం మొదలుపెట్టాను. వైజాగ్‌లో అటెండెంటు, అంటే రోగి వెంట ఉండే మనిషి, లేకపోతే చేర్చుకోరు. పోలమ్మ సిద్ధంగా ఉంది. ఆ ఒక్క మనిషికి చెప్పు, ఆవిడ మంచిదిలా ఉంది అన్నాను. నూకాలమ్మ మొహంలో నవ్వంతా పోయింది. భర్తని చేర్చిన ఆసుపత్రిలో మంచానికి ఒక ఎర్ర అట్టముక్క కట్టారని, దాన్ని చూసి పక్క మంచాలవాళ్లు జరిగి కూర్చున్నారని చెప్పింది. అప్పుడు పోలమ్మని, బావగారిని వార్డులోకి రాకుండా బయటే ఉంచడానికి తను ఎన్ని అబద్ధాలు చెప్పిందో చెప్పింది. ఊళ్లో అందరికీ పచ్చకామెర్లని చెప్పిందట.

"మాయక్క మంచిదే. తెలిస్తే అది నన్నేటీ అనదు. కానీ దాని నోట్లోంచి ఒక్క మాట జారినాదనుకో, మరి నా సేప ఎవులు కొంటారు? నా గంపలో సెయ్యెవులు ఎడతారు? గుండె ఆగిపోతే ఒక్కసారి పోతాను. సేపల అమ్మకం ఆగితే రోజూ పోవాల."

చట్టాలు చెప్పొచ్చు. చట్టం చేపలు కొనదు.

చివరికి ఒక దారి దొరికింది. వేసవిలో వేట ఆపుతారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు పడవల్ని సముద్రం మీదికి పోనివ్వదు. ఆ రోజుల్లో పల్లెలో పని ఉండదు, ఎవరు ఎటు వెళ్లినా అడిగేవాళ్లుండరు. పాతపట్నం దగ్గర పిన్ని ఇంటికి వెళ్తున్నానని చెప్పి వైజాగ్ వస్తాననీ, అటెండెంటుగా నేను ఉండాలనీ అంది. డాక్టరు గారు అంత ఆలస్యం వద్దన్నారు. ఆమె ఒప్పుకోలేదు. వేట నడుస్తుండగా ఆమె రేవులో కనపడకపోతే మొదట వెతుక్కుంటూ బయల్దేరేది పోలమ్మే. సరే, కనీసం అదైనా ఒప్పుకుంది కదా అని నేను సెలవుకి అర్జీ పెట్టాను. వైజాగ్‌లో నాకు తెలిసిన నర్సుతో మాట్లాడి పెట్టాను. అన్నీ కుదిరాయి. వేసవి రావడమే మిగిలింది.

మేం లెక్క వేసుకోనిది పోలమ్మని. ఆవిడ ఆగలేదు. రోజూ అడిగేది, ఎప్పుడెళ్దాం, ఎప్పుడెళ్దాం అని. ఆ పోరు పడలేక నూకాలమ్మ ప్లేటు ఫిరాయించింది. గుండెకేమీ లేదట, గ్యాసేనట, డాక్టరు కాగితం తీసి చూసి చెప్పాడట అని పోలమ్మతో చెప్పింది. ఈసీజీ బాగుందన్న మాట ఆమెకి అలా పనికొచ్చింది. నమ్మించడానికి మాట చాలదు కాబట్టి గంప కూడా ఎత్తుకుంది. సగం గంప కాదు, నిండు గంప. సంక్రాంతి వెళ్లాక మాత్రలకొచ్చినప్పుడు ఈ సంగతి ఆమే చెప్పింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. కేకలేశాను. తోడికోడలిని నమ్మించడానికి ప్రాణం మీదికి తెచ్చుకుంటావా అన్నాను. ఆమె తల వంచుకొని అంతా విని, వేసవి ఎంత దూరంలో ఉందని, అప్పటిదాకా ఎలాగో నెట్టుకొస్తానని, నొప్పొస్తే నాలుక కింద మాత్ర ఉంది కదా అని నన్నే సముదాయించింది. వెళ్తూ వెళ్తూ, వైజాగ్‌లో తనకి కొత్త చీర కావాలా, ఉన్నది సరిపోతుందా అని అడిగింది.

శివరాత్రి వెళ్లి ఎండలు ముదురుతుండగా ఆమె మాత్రల తేదీ వచ్చింది. రాలేదు. రానివాళ్లకి ఫోన్ చేయడం మా పద్ధతి. ఆమె ఇచ్చిన నంబరు పోలమ్మ ఇంటిది. ఎవరని అడిగితే ఆసుపత్రి అనకూడదు, బ్యాంకు అనో మరోటో చెప్పాలి. నేను బ్యాంకు అన్నాను. అవతల మగ గొంతు, నూకాలు పోయిందమ్మా అని చెప్పి పెట్టేసింది.

పెద్దకర్మ అయిపోయిన తర్వాత పోలమ్మ వచ్చింది. ఈసారి వరండాలో కూర్చోలేదు. నేరుగా మా బోర్డు లేని గదిలోకి వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. ఏం జరిగిందో మెల్లగా చెప్పింది. ఆ రోజు వేట బాగా పడిందట. ఇద్దరి గంపలూ నిండాయట. దిబ్బ సగం ఎక్కాక నూకాలమ్మ ఆగి దవడ పట్టుకుందట. గంప దించమంటే దించలేదట, బాగానే ఉన్నానందట. ఇంకాస్త ఎక్కి, గంపతో సహా పడిపోయిందట. ఆటో రోడ్డు మీదికి వచ్చేసరికే చెయ్యి చల్లబడిపోయిందట. కానాగంతలన్నీ ఇసుకలో దొర్లాయి అని రెండుసార్లు చెప్పింది.

తర్వాత చెంగులోంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసి నా బల్ల మీద పెట్టింది. అందులో బీపీ మాత్రలు, ఆస్పిరిన్ రేకులు, వాటి మధ్యలో సగం ఖాళీ అయిన ఏఆర్‌టీ డబ్బా ఉన్నాయి. నేను గబుక్కున సంచి మూతి మూశాను. ఇవన్నీ గుండె మాత్రలేనమ్మా అన్నాను. అలవాటు.

"ఊరుకో సిస్టరమ్మా. మా మరిదికి పచ్చకామెర్లు కాదని ఆడు పోయినప్పుడే తెల్సు. ఇదిగో, ఇలాటి డబ్బాలే ఆడి తలగడ కింద నాను సూసినాను. ఊల్లో సగం మందికి తెల్సు. తెలిసే కొన్నారు దాని సేప, తెలిసే తిన్నారు. దాన్ని అడిగితే సిగ్గుపడిపోద్దని ఎవులం అడగనేదు."

ఆవిడ సంచిలోని మాత్రల్ని వేలితో కదుపుతూ కూర్చుంది. ఏడవలేదు. కాసేపటికి, తను వైజాగ్ తీసుకెళ్తానని అన్న రోజు, నూకాలు ఈ జబ్బు బయటపడుతుందనే రానంటోందన్న ఒక్క మాట నేను చెప్పి ఉంటే బావుండేది కదా అంది. చెప్పకూడదమ్మా, మాకు రూలు అన్నాను. నా చెవికే అది చాలా చిన్న మాటగా వినపడింది.

"అవున్లే. నువ్వు సెప్పకూడదు. నాను అడక్కూడదు. అది నోరిప్పకూడదు. మనకున్న మర్యాద ముగ్గురం బాగానే నిలబెట్టుకున్నాం. నూకాలే పోయింది."

పనికొస్తే ఎవరికైనా ఇవ్వండని మాత్రలు వదిలేసి వెళ్లిపోయింది. విప్పిన డబ్బాలు ఇంకొకరికి ఇవ్వకూడదు. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

పోలమ్మ చెప్పిందంతా డాక్టరు గారికి చెప్పాను. సాయంత్రం వెళ్తూ, "మనం ముందే పట్టుకున్నాం కదా సిస్టర్" అన్నారు. అవును, పట్టుకున్నాం. బీపీ పట్టుకున్నాం, కొవ్వు పట్టుకున్నాం, పంటి నొప్పిలా వచ్చిన గుండె నొప్పిని కూడా పట్టుకున్నాం. మా ట్రైనింగుల్లో చెప్పే ముందస్తు గుర్తింపు అంటే ఇదే. మేం ఒక్క పరీక్ష కూడా తప్పు చేయలేదు. అయినా ఆమె గంప దించలేదు.

ఆ తర్వాత నేను ఇంకో రెండు కేంద్రాల్లో పనిచేశాను, ఒకటి విజయనగరం వైపు. పనిలో కొన్ని మార్చుకున్నాను. ఆడవాళ్లని ఛాతీ నొప్పి ఉందా అని అడగడం మానేశాను, లేదనే అంటారు. బరువు మోస్తే ఎక్కడ పట్టేస్తుంది, దించితే ఏమవుతుంది అని అడుగుతాను. దవడ, వీపు, మెడ ముట్టి చూపించి అడుగుతాను. చుట్ట సంగతి విడిగా అడుగుతాను, నిప్పు బయటా లోపలా అని కూడా. అలా అడిగితే దొరికినవాళ్లున్నారు, వైజాగ్ వెళ్లి బతికి వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లని చూసినప్పుడు సంతోషం వేస్తుంది. ఆ సంతోషం ఎక్కువసేపు నిలవదు.

ఇంకో ప్రశ్న మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. బీపీ పట్టీ చుడుతూ, నీ సంగతి ఇంట్లో ఎవరికి తెలుసు అని అడుగుతాను. ఎవరికీ చెప్పమని బలవంతం చేయను, ఆ హక్కు నాకు లేదు. రేపు నీకు ప్రాణం మీదికొస్తే నీ పక్కన ఎవరుంటారో ఇవాళే ఆలోచించుకో అని మాత్రం చెబుతాను. దాదాపు అందరూ గొంతు తగ్గించి ఒకే జవాబు చెబుతారు, ఎవరికీ తెలీదు సిస్టరమ్మా అని. ఒకప్పుడు నేను ఆ మాట నమ్మేదాన్ని. ఇప్పుడు, ఎవరికీ తెలీదని నీకెలా తెలుసు అని అడుగుతాను.